ప్రత్యామ్నాయ ఇంధన వాహనాలు: చట్టాలు, రాయితీలు – శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల అనుభవం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• ప్రత్యామ్నాయ ఇంధనాల విషయంలో కేంద్రానికి, రాష్ట్రానికి ఉన్న అధికారాలను వేరుచేసి చెప్పగలుగుతారు.
• ఎల్‌పీజీ, సహజవాయువు, ఇథనాల్, విద్యుత్ వాహనాలకు సంబంధించిన ముఖ్య చట్టాలను కాలక్రమంలో వివరించగలుగుతారు.
• ఒకే చట్టం నగరాల్లో ఒకలా, ఉత్తరాంధ్ర చిన్న పట్టణాల్లో మరోలా ఎందుకు ఫలించిందో విశ్లేషించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

పెట్రోలు, డీజిలు కాకుండా వేరే ఇంధనంతో నడిచే బండ్లను ప్రత్యామ్నాయ ఇంధన వాహనాలు అంటాం. ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఎల్‌పీజీ, అధిక ఒత్తిడిలో నింపే సహజవాయువు అంటే సీఎన్‌జీ, చెరకు మడ్డి నుంచీ ధాన్యం నుంచీ తీసే ఇథనాల్, బ్యాటరీలో నిల్వచేసే విద్యుత్తు ఈ కోవలోకి వస్తాయి. అమెరికాలో 1992 నాటి ఇంధన విధాన చట్టం ప్రొపేన్‌ను ప్రత్యామ్నాయ ఇంధనాల జాబితాలో చేర్చింది. మన దేశంలో బండ్లకు ప్రొపేన్‌ను విడిగా అమ్మరు. బ్యూటేన్‌తో కలిపి ఆటో ఎల్‌పీజీగా అమ్ముతారు. కాబట్టి ప్రొపేన్ వాహనాల చరిత్ర మన దగ్గర ఎల్‌పీజీ వాహనాల చరిత్రే.

ఈ చరిత్రను సాధారణంగా ఢిల్లీ, హైదరాబాదు వంటి మహానగరాల కోణం నుంచి చెబుతారు. ఈ పాఠంలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వైపు నుంచి చూద్దాం. రాజాం, పాలకొండ, బొబ్బిలి, చీపురుపల్లి, టెక్కలి వంటి ఊళ్లలో ప్రయాణికులను చేరవేసేది ఎక్కువగా ఆర్టీసీ బస్సు, షేర్ ఆటో. ఆటో నడిపేవారికి రోజు కూలి మిగలడం, మిగలకపోవడం ఇంధనం ఖర్చు మీదే ఆధారపడుతుంది. అందువల్ల ఇంధన చట్టాలు వారి ఇంటి ఖర్చుకు నేరుగా సంబంధించినవి.

ఒక కొత్త ఇంధనం జనం వాడుకలోకి రావాలంటే మూడు షరతులు నెరవేరాలి. మొదటిది అనుమతి, అంటే ఆ ఇంధనంతో బండి నడపడం చట్టసమ్మతం కావాలి. రెండవది ధర, అంటే పన్నులు, రాయితీలు కలిపి లెక్కవేసినా అది గిట్టుబాటు కావాలి. మూడవది అందుబాటు, అంటే బండి తిరిగే దారిలో ఆ ఇంధనం దొరకాలి. చట్టాలు మొదటి రెండింటిని త్వరగా సాధించగలవు, మూడవదానికే ఎక్కువ కాలం పడుతుంది. ఈ ప్రాంత అనుభవం నేర్పే ముఖ్యమైన పాఠం ఇదే.

2. నేపథ్యం: బొగ్గు బస్సుల కాలం

ప్రత్యామ్నాయ ఇంధనం మనకు పూర్తిగా కొత్తది కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలు సైన్యానికి అవసరమైంది. 1941లో దేశంలో పెట్రోలుకు రేషను పెట్టారు. మద్రాసు రాష్ట్రంలో ప్రైవేటు బస్సుల యజమానులు బండి వెనుక ఇనుప పీపాలాంటి గ్యాసు పరికరాన్ని అమర్చుకోవలసి వచ్చింది. అందులో కట్టెబొగ్గును తక్కువ గాలితో మండిస్తే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన వాయువు వెలువడుతుంది. దాన్ని వడగట్టి ఇంజనుకు పంపేవారు. పాతతరం వారు ‘బొగ్గు బస్సులు’ అని చెప్పుకునేది వీటినే. పెట్రోలుతో పోలిస్తే ఇంజను బలం తగ్గేది, బయలుదేరే ముందు చాలాసేపు బొగ్గు రాజేయవలసి వచ్చేది.

అప్పటికి నేటి రెండు జిల్లాలూ ఏర్పడలేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలోని తెలుగు ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. ఆ పెద్ద జిల్లా నుంచి 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. 1979లో విజయనగరం జిల్లా వచ్చింది. 2022లో జరిగిన పునర్విభజనలో పార్వతీపురం మన్యం జిల్లా విడివడింది. ఈ పాఠంలో శ్రీకాకుళం, విజయనగరం అన్నప్పుడు 2022కు ముందున్న హద్దులనే దృష్టిలో ఉంచుకోండి.

బొగ్గు బస్సుల విషయంలో రెండు సంగతులు గమనించాలి. అక్కడ పనిచేసింది ప్రోత్సాహకం కాదు, నిర్బంధం. అయినా అది అమలు కావడానికి కారణం కట్టెబొగ్గు ఎక్కడికక్కడ దొరకడం. దానికి కొత్త పైపులైను గాని, కొత్త బంకు గాని అక్కరలేకపోయింది. యుద్ధం ముగిసి పెట్రోలు మళ్లీ దొరకడంతో ఆ పరికరాలు మూలపడ్డాయి. నిర్బంధంతో వచ్చిన మార్పు ఆ నిర్బంధం తొలగగానే పోయింది.

3. ఎవరి అధికారం ఎంత?

‘రాష్ట్ర చట్టాలు’ అన్నప్పుడు రాష్ట్రం చేతిలో నిజంగా ఏముందో ముందు తెలుసుకోవాలి. రాజ్యాంగం 7వ షెడ్యూలు ఈ అధికారాలను ఇలా పంచింది.

మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలోని 35వ అంశం. ఈ అధికారంతోనే పార్లమెంటు మోటారు వాహనాల చట్టం, 1988 చేసింది. ఏ ఇంధనంతో బండి నడపవచ్చో, దాని పొగ ఎంత మేరకు ఉండవచ్చో ఈ చట్టమూ, దీని కింద వచ్చిన 1989 నాటి కేంద్ర నియమావళీ నిర్ణయిస్తాయి. పెట్రోలియం, పెట్రోలియం ఉత్పత్తులు కేంద్ర జాబితాలోని 53వ అంశం. సహజవాయువు కూడా ఈ అంశం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 2004లో తేల్చింది. గుజరాత్ రాష్ట్రం 2001లో చేసిన వాయు చట్టం విషయంలో ఆ తీర్పు వెలువడింది.

వాహనాలపై పన్ను రాష్ట్ర జాబితాలోని 57వ అంశం. మనకు వర్తించిన మొదటి ముఖ్య చట్టం 1931 నాటి మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలకు ఒకే విధానం కావాలని ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల పన్నుల చట్టం, 1963 తెచ్చారు. ఈ చట్టంలోని 9వ సెక్షను పన్నును తగ్గించడానికి, మినహాయించడానికి ప్రభుత్వానికి అధికారం ఇస్తుంది. శాసనసభలో కొత్త చట్టం చేయకుండానే ఒక ఉత్తర్వుతో ఒక రకం వాహనాలకు రాయితీ ఇవ్వగలగడం ఈ సెక్షను వల్లనే సాధ్యం.

ఇంధనంపై అమ్మకం పన్ను 54వ అంశం. 2017లో జీఎస్టీ వచ్చాక కూడా పెట్రోలు, డీజిలు, సహజవాయువులపై పన్ను రాష్ట్రాల చేతిలోనే ఉండిపోయింది. ఎల్‌పీజీ మాత్రం జీఎస్టీలోకి వెళ్లింది.

దీన్నిబట్టి, బండికి అనుమతి ఇచ్చేది కేంద్రం, బండి మీద పన్ను వేసేదీ తీసేదీ రాష్ట్రం. వాయువు ఎక్కడికి చేరాలో నిర్ణయించేది మళ్లీ కేంద్ర సంస్థలే. రాష్ట్రానికి ప్రధానంగా రెండవ షరతు మీదనే పట్టుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే తరువాతి భాగాలు సులభంగా అర్థమవుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) సహజవాయువుపై శాసనాధికారం ఎవరిది? అమ్మకం పన్ను ఎవరిది?
(ఆ) 1963 చట్టంలోని 9వ సెక్షను ప్రాముఖ్యం ఏమిటి?

4. ఎల్‌పీజీ: వంటింటి సిలిండరు, బండి ట్యాంకు

ఉత్తరాంధ్రకు ఎల్‌పీజీ దూరపు సరుకు కాదు. విశాఖపట్నంలో 1957లో కాల్టెక్స్ సంస్థ నిర్మించిన చమురుశుద్ధి కర్మాగారం తరువాత హిందుస్థాన్ పెట్రోలియం చేతికి వచ్చింది. ఓడల్లో వచ్చే ఎల్‌పీజీని కూడా విశాఖలోనే దించుతారు. 2004లో విశాఖ నుంచి సికిందరాబాదుకు ఎల్‌పీజీ పైపులైను ప్రారంభమైంది. 2007లో సముద్రతీరాన రాతిపొరల కింద 60,000 టన్నుల ఎల్‌పీజీ నిల్వచేసే భూగర్భ గుహ సిద్ధమైంది. మన దేశంలో అటువంటి గుహల్లో అదే మొదటిది. విజయనగరం అక్కడికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

ఇంత దగ్గరగా ఉన్నా 2000 వరకు ఎల్‌పీజీతో బండి నడపడం చట్టసమ్మతం కాదు. అయితే రాయితీ మీద ఇంటికి వచ్చే సిలిండరుకూ, బంకులో పెట్రోలుకూ ధరలో చాలా తేడా ఉండేది. దాంతో వంటింటి సిలిండరును కారు డిక్కీలోనో, ఆటో వెనుకో పెట్టి నడిపే అలవాటు రాష్ట్రమంతటా వ్యాపించింది. దీనివల్ల రెండు నష్టాలు. పేదల పేర జమయ్యే రాయితీ వేరే చేతికి పోయేది. అంతకన్నా ముఖ్యం ప్రాణాపాయం. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది, కారితే పైకి తేలిపోకుండా నేలబారుగా పరుచుకుంటుంది. బండి కోసం చేసిన ట్యాంకులో 80 శాతం నిండగానే ఆపే ఏర్పాటు ఉంటుంది. బండి కుదుపులకు తట్టుకునే కవాటాలు ఉంటాయి. వంటింటి సిలిండరు ఆ పనికోసం చేసింది కాదు. ఎల్‌పీజీ ఎంత ప్రమాదకరమో ఈ ప్రాంతం వారికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో ఎల్‌పీజీ కారి జరిగిన పేలుడులో 60 మంది దాకా మరణించారు.

2000లో పార్లమెంటు మోటారు వాహనాల చట్టాన్ని సవరించింది. 52వ సెక్షను ప్రకారం బ్యాటరీ, సీఎన్‌జీ, సౌరశక్తి, ఎల్‌పీజీ వంటి ఇంధనాలకు మార్చే కిట్‌ను నిర్దేశించిన షరతులకు లోబడి బండికి బిగించుకోవచ్చు. ఆ మార్పును రిజిస్ట్రేషను పత్రంలో నమోదు చేయించుకోవాలి. మరుసటి సంవత్సరం, అంటే 2001లో, నిత్యావసర వస్తువుల చట్టం కింద కేంద్రం వాహనాల్లో ఎల్‌పీజీ వాడకాన్ని నియంత్రించే ఉత్తర్వు ఇచ్చింది. బండికి శాశ్వతంగా బిగించిన ట్యాంకులో, ఆటో ఎల్‌పీజీ బంకులో మాత్రమే గ్యాసు నింపాలన్నది దాని సారాంశం. వంటింటి సిలిండరుతో బండి నడపడం శిక్షార్హమైంది. కేంద్ర నియమావళిలోని 115-సి నియమం ఎల్‌పీజీ వాహనాల పొగకు ప్రమాణాలు పెట్టింది.

ఈ విధంగా మొదటి షరతు, అంటే అనుమతి, నెరవేరింది. మరి మిగిలిన రెండూ? అంతకు ముందే, 1999 జూలైలో, రాష్ట్ర ప్రభుత్వం ‘దీపం’ పథకం ప్రారంభించి డ్వాక్రా మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇవ్వసాగింది. కట్టెల పొయ్యి పొగ నుంచి ఆడవారిని తప్పించడం దాని ఉద్దేశం. రాష్ట్రం దృష్టిలో ఎల్‌పీజీ మొదట వంటింటిది, బండిది ఆ తరువాతే. నేటికీ ఆ వరుస మారలేదు. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం-2 పథకాన్ని 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో ప్రారంభించారు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఇంటి సిలిండరుపై 5 శాతం పన్ను వేస్తే, ఆటో ఎల్‌పీజీపై 18 శాతం వేశారు. ఇంధనం ఒకటే అయినా, పొయ్యి మీద వాడితే ఒక పన్ను, ఇంజనులో వాడితే మరో పన్ను.

ఇటువంటి వైఖరి మన దేశానికే పరిమితం కాదు. దక్షిణ కొరియాలో టాక్సీల వంటి కొన్ని తరగతుల వాహనాలకే ఎల్‌పీజీని అనుమతించి, సామాన్యుల కార్లకు చాలాకాలం నిరాకరించారు. ఆ ఆంక్షలు 2019లో తొలగాయి. దిగుమతి చేసుకునే సరుకును ఎవరికి ముందు ఇవ్వాలన్నది ప్రతి ప్రభుత్వానికీ ఎదురయ్యే ప్రశ్నే.

ఇక అందుబాటు సంగతి. ఆటో ఎల్‌పీజీ బంకుకు ప్రత్యేక నిల్వ ట్యాంకు, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ అనుమతి, చుట్టూ ఖాళీ స్థలం కావాలి. రోజూ వందల బండ్లు వస్తేనే యజమానికి పెట్టుబడి తిరిగి వస్తుంది. బంకు లేక ఎవరూ కిట్ బిగించుకోరు, కిట్ బిగించిన బండ్లు లేక ఎవరూ బంకు పెట్టరు. ఈ చిక్కుముడి నగరాల్లో కొంతవరకు విడిపోయింది. ఎందుకంటే వేలాది ఆటోలు ఒకేచోట తిరుగుతాయి. సుప్రీంకోర్టు 2003లో కాలుష్యం ఎక్కువగా ఉన్న నగరాల్లో హైదరాబాదును కూడా చేర్చి కార్యాచరణ ప్రణాళిక అడిగింది. దాంతో అక్కడ ఒత్తిడి కూడా పెరిగింది. పాలకొండకో, సాలూరుకో అటువంటి బండ్ల రద్దీ గాని, న్యాయస్థానం ఒత్తిడి గాని లేదు. చట్టం అందరికీ ఒక్కటే అయినా ఆటో ఎల్‌పీజీ ఇక్కడ నగరాల్లో పెరిగినంతగా పెరగలేదు.

5. సహజవాయువు: పడమటికి వెళ్లిన పైపు

ఢిల్లీలో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1998 జూలై 28న ఇచ్చిన ఆదేశాలు బస్సులను సీఎన్‌జీకి మళ్లించాయి. ఆ తరువాత దేశమంతటా సీఎన్‌జీ మీద ఆసక్తి పెరిగింది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో వాయువు దొరికిన మన రాష్ట్రానికి ఇది సహజంగానే అనుకూలమైన ఇంధనం. 2003లో గెయిల్, హిందుస్థాన్ పెట్రోలియం కలిసి భాగ్యనగర్ గ్యాస్ సంస్థను స్థాపించాయి. హైదరాబాదు, విజయవాడలలో సీఎన్‌జీ బంకులు ఈ సంస్థ ద్వారానే వచ్చాయి.

2006లో పార్లమెంటు పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలి చట్టం చేసింది. దీని ప్రకారం దేశాన్ని భౌగోళిక ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో ప్రాంతంలో వాయువు సరఫరా చేసే హక్కును పోటీ పద్ధతిలో ఒక సంస్థకు ఇస్తారు. ఇందులో రాష్ట్రానిది సహాయక పాత్ర. రోడ్డు తవ్వకానికి అనుమతి, స్థలం, పన్ను రేటు మాత్రమే దాని చేతిలో ఉంటాయి.

పైపులైను ఏ దిశగా వెళ్లిందో చూస్తే ఈ ప్రాంతం ఎందుకు వెనుకబడిందో తెలుస్తుంది. 2009లో కృష్ణా–గోదావరి లోతుసముద్రపు వాయువు ఉత్పత్తి మొదలైనప్పుడు కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ వరకు సుమారు 1,400 కిలోమీటర్ల పైపులైను సిద్ధంగా ఉంది. అటువైపు ఎరువుల, విద్యుత్తు, రసాయన కర్మాగారాలు వాయువు కొనడానికి ఎదురుచూస్తున్నాయి. అంతకంటే ఎంతో దగ్గరలో ఉన్న శ్రీకాకుళానికి అప్పటికి పైపు లేదు. కాకినాడ–విశాఖ–శ్రీకాకుళం పైపులైనుకు నియంత్రణ మండలి 2014లో అనుమతి ఇచ్చినా పనులు ఏళ్ల తరబడి సాగాయి. పైపులైను వేసేవారు ముందు పెద్ద కొనుగోలుదారు ఎక్కడున్నాడో చూస్తారు. చిన్న ఆటోల అవసరం ఆ లెక్కలో కనబడదు.

2025 అక్టోబరు 16న కర్నూలు సభలో ప్రధానమంత్రి శ్రీకాకుళం–అంగుళ్ సహజవాయువు పైపులైనును జాతికి అంకితం చేశారు. గెయిల్ సంస్థ సుమారు 1,730 కోట్ల రూపాయలతో నిర్మించిన ఈ పైపులైను పొడవు 422 కిలోమీటర్లు. ఇందులో 124 కిలోమీటర్లు ఆంధ్రప్రదేశ్‌లో, 298 కిలోమీటర్లు ఒడిశాలో ఉన్నాయి. దాంతో శ్రీకాకుళం పైపులైను చివర ఉన్న ఊరు కాకుండా, రెండు రాష్ట్రాలను కలిపే మజిలీగా మారింది. వాహనాల్లో సీఎన్‌జీకి చట్టం దారి తెరిచి అప్పటికి పాతికేళ్లు.

అదే సమయంలో రాష్ట్రం చేతిలో ఉన్న పన్ను ఎటువైపు కదిలిందో కూడా చూడాలి. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సహజవాయువుపై వ్యాట్‌ను 14.5 శాతం నుంచి 24.5 శాతానికి పెంచింది. కరోనా కాలంలో ఖజానా ఆదాయం పడిపోవడం దీనికి నేపథ్యం. ఒక చేత్తో స్వచ్ఛ ఇంధనాన్ని ప్రోత్సహిస్తూ, మరో చేత్తో దానిమీదే పన్ను పెంచడం పరస్పర విరుద్ధంగా కనిపించవచ్చు. కాని జీఎస్టీ తరువాత రాష్ట్రాలకు సొంతంగా పన్ను వేసుకునే వస్తువులు కొన్నే మిగిలాయి. సహజవాయువు వాటిలో ఒకటి. ఆదాయ అవసరానికీ, పర్యావరణ లక్ష్యానికీ మధ్య ఉన్న ఈ ఘర్షణను విధానాల చరిత్ర చదివేవారు తప్పక గుర్తించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) 2001 నాటి ఎల్‌పీజీ ఉత్తర్వు వంటింటి సిలిండరును బండిలో వాడటాన్ని ఎందుకు నిషేధించింది?
(ఆ) కృష్ణా–గోదావరి వాయువు శ్రీకాకుళం కంటే ముందు గుజరాత్‌కు చేరడానికి కారణమేమిటి?

6. ఇథనాల్: అడగకుండానే వచ్చిన ఇంధనం

ఇథనాల్ కథ దీనికి భిన్నం. 2003 జనవరి నుంచి 9 రాష్ట్రాల్లో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపాలని కేంద్రం నిర్ణయించింది. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ ఉంది. సరఫరా చాలక ఆ ప్రయత్నం మొదట్లో తడబడింది. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం పాడైన ధాన్యం వంటి వాటి నుంచి కూడా ఇథనాల్ తీయడానికి వీలు కల్పించాక వేగం పెరిగింది. 2022లో 10 శాతం, 2025లో 20 శాతం మిశ్రమం సాధ్యమయ్యాయి.

ఇక్కడ అందుబాటు సమస్యే రాలేదు. ఇథనాల్‌కు వేరే బంకు అక్కరలేదు, ఉన్న పెట్రోలులోనే కలిసి వస్తుంది. బండి యజమాని కిట్ కొనలేదు, దరఖాస్తు పెట్టలేదు. ఇచ్ఛాపురం బంకైనా, హైదరాబాదు బంకైనా తేడా లేదు. అయితే యజమానికి ఎంపిక కూడా లేదు. ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది, ఆ భారం వాడేవారి మీదే పడుతుంది.

ఉత్పత్తి వైపు నుంచి చూస్తే ఈ ప్రాంతానికి మరో సంబంధం ఉంది. ఆమదాలవలస, భీమసింగిలలో సహకార చక్కెర కర్మాగారాలు, సంకిలి, లచ్చయ్యపేటలలో ప్రైవేటు కర్మాగారాలు చెరకు రైతులకు ఆధారంగా ఉండేవి. సంకిలి కర్మాగారానికి డిస్టిలరీ కూడా ఉంది. ఇథనాల్‌కు చట్టం ఖాయమైన గిరాకీ కల్పించింది. కాని ఆ గిరాకీ బలపడే నాటికి సహకార కర్మాగారాలు రెండూ ఆగిపోయాయి. డిస్టిలరీ ఉన్న మిల్లుకు ప్రోత్సాహకం అందుతుంది. అటువంటి మిల్లు తమ ఊరికి దగ్గరలో లేని రైతుకు ఆ మేలు చేరదు. ప్రోత్సాహకం ఎవరికి చేరుతుందన్నది దాన్ని అందుకునే సంస్థ ఆ ప్రాంతంలో ఉందా లేదా అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.

7. విద్యుత్ వాహనాలు: పన్ను తొలగింది, పెట్టుబడి మిగిలింది

విద్యుత్ వాహనాల కోసం కేంద్రం 2015లో ‘ఫేమ్’ పథకం మొదటి దశను, 2019లో 10,000 కోట్ల రూపాయలతో రెండవ దశను ప్రారంభించింది. 2018 అక్టోబరులో బ్యాటరీ, ఇథనాల్, మిథనాల్ వాహనాలకు రవాణా పర్మిట్ అక్కరలేదని కేంద్రం నోటిఫికేషను ఇచ్చింది. 2019 ఆగస్టు 1 నుంచి విద్యుత్ వాహనాలపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 2021 ఆగస్టులో రిజిస్ట్రేషను రుసుము కూడా తొలగించారు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018 జూన్‌లో విద్యుత్ వాహనాల విధానం 2018–23ను ప్రకటించింది. 2024 నాటికి 10 లక్షల విద్యుత్ వాహనాలు, లక్ష ఛార్జింగ్ కేంద్రాలు ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. వాహన పన్ను, రిజిస్ట్రేషను రుసుముల భారం 2024 వరకు కొనుగోలుదారుపై పడకుండా చేస్తామని చెప్పింది. 2029 నాటికి ఆర్టీసీ బస్సులన్నీ విద్యుత్ బస్సులు కావాలని, ఆ మార్పు ముందుగా విశాఖపట్నం, విజయవాడ, అమరావతి, తిరుపతి నగరాల్లో మొదలవ్వాలని నిర్దేశించింది. 2024 నాటికి ఆ లక్ష్యాలు చేరువకు రాలేదు. ఆ తరువాత 2024–29 కాలానికి కొత్త విధానం వచ్చింది.

రాయితీ విలువను ఒక లెక్కతో చూద్దాం. ఒక ఈ-ఆటో ధర పన్నుకు ముందు 3 లక్షల రూపాయలు అనుకోండి. 12 శాతం జీఎస్టీ అయితే 36,000 రూపాయలు, 5 శాతం అయితే 15,000 రూపాయలు. అంటే 21,000 రూపాయలు మిగులుతాయి. ఇది చిన్న మొత్తమేమీ కాదు. కాని 3,15,000 రూపాయలు ఎక్కడినుంచి తేవాలన్న ప్రశ్న అలాగే ఉంటుంది. పన్ను మినహాయింపు కొనగలిగిన వారికి కొనుగోలును తేలిక చేస్తుంది. అప్పు పుట్టని వారికి అప్పు పుట్టించలేదు. దీనికి భిన్నంగా, పర్మిట్ మినహాయింపు వల్ల ఖజానాకు పెద్దగా ఖర్చు లేకపోయినా ఆటో నడిపేవారికి కార్యాలయాల చుట్టూ తిరిగే బెడద కొంత తగ్గుతుంది.

అందుబాటు విషయంలో విద్యుత్తుకు ఒక మేలు ఉంది. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ తీగలు ఇప్పటికే ఊరూరా ఉన్నాయి. రోజంతా ఒకే పట్టణంలో తిరిగే బండికి రాత్రి ఇంటి దగ్గర ఛార్జింగ్ పెడితే చాలు. అందుకే చిన్న పట్టణాల్లో ముందుగా ఈ-స్కూటర్లకు, చెత్తబండ్లకు వీలు కుదురుతుంది. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం 36 చిన్న మునిసిపాలిటీలకు చెత్త సేకరణ కోసం 516 ఈ-ఆటోలు ఇచ్చింది. దూర ప్రయాణం చేసే బండి సంగతి వేరు. రహదారుల వెంట ప్రతి 25 కిలోమీటర్లకు ఒక ఛార్జింగ్ కేంద్రం ఉండాలని కేంద్రం 2018 డిసెంబరు మార్గదర్శకాల్లో సూచించింది. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వంద కిలోమీటర్లకు పైనే. 16వ నంబరు జాతీయ రహదారి మీద అటువంటి కేంద్రాలకు గిరాకీ ఉంటుంది. రహదారి వదిలి సీతంపేట, కురుపాం కొండదారులు పట్టిన బండికి ఆ సౌకర్యం అంత తేలికగా దొరకదు.

నగరాలకు ప్రాధాన్యం ఇచ్చే ధోరణి కేంద్ర పథకాల్లో కూడా కనిపిస్తుంది. 2023లో ప్రకటించిన ప్రధానమంత్రి ఈ-బస్ సేవ పథకం ప్రధానంగా 3 లక్షలకు పైబడిన జనాభా గల నగరాలకు ఉద్దేశించింది. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం రెండున్నర లక్షల లోపే, శ్రీకాకుళం అంతకంటే చిన్నది.

8. విశ్లేషణ

విధానాలు నగరాలతో మొదలవడం అన్యాయమని వెంటనే తీర్పు చెప్పకూడదు. పొగ ఎక్కువగా ఉన్నది నగరాల్లోనే. తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి మేలు జరగాలంటే అక్కడే మొదలుపెట్టాలన్న వాదనలో బలం ఉంది. అయితే ఉత్తరాంధ్ర వంటి ప్రాంతానికి ఈ ఇంధనాలు పర్యావరణం కోసమే కాదు, బతుకుతెరువు కోసం కూడా అవసరం. ఊరికీ ఊరికీ మధ్య ఎక్కువ దూరం తిరిగే షేర్ ఆటోకు కిలోమీటరుకు ఇంధన ఖర్చు తగ్గితే నడిపేవారి సంపాదన నేరుగా పెరుగుతుంది. కాలుష్యాన్ని మాత్రమే కొలబద్దగా పెట్టుకున్న విధానం ఈ అవసరాన్ని గుర్తించలేదు.

మూడు షరతుల కోణం నుంచి నాలుగు ఇంధనాలను పోల్చి చూడండి. ఎల్‌పీజీకి అనుమతి దొరికింది గాని పన్ను, బంకు కలిసిరాలేదు. సీఎన్‌జీకి అనుమతి ఉంది, పైపులైను రావడానికే పాతికేళ్లు పట్టింది. ఇథనాల్ ఉన్న బంకుల ద్వారానే వచ్చింది కాబట్టి ప్రతి ఊరికీ చేరింది. విద్యుత్తుకు తీగ ఉంది, రాయితీ ఉంది, పెట్టుబడి లేదు. ప్రతి ఇంధనానికీ లోటు వేరు కాబట్టి అన్నింటికీ పన్ను మినహాయింపు ఒక్కటే మందు కాజాలదు. ఎక్కడ బంకు లోటో అక్కడ బంకుకు, ఎక్కడ అప్పు లోటో అక్కడ అప్పుకు సాయం కావాలి.

9. సారాంశం

యుద్ధకాలపు బొగ్గు బస్సులు నిర్బంధంతో వచ్చి నిర్బంధంతో పోయాయి. 2000లో మోటారు వాహనాల చట్ట సవరణ, 2001లో ఎల్‌పీజీ ఉత్తర్వు ప్రత్యామ్నాయ ఇంధనాలకు చట్టబద్ధత కల్పించాయి. రాష్ట్రం తన పన్ను అధికారంతో విద్యుత్ వాహనాలను ప్రోత్సహించింది, సహజవాయువుపై మాత్రం పన్ను పెంచింది. సరఫరా వ్యవస్థ కేంద్ర సంస్థల, మార్కెట్టు నిర్ణయాల మీద ఆధారపడినందున శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు ఆలస్యంగా చేరింది. చట్టం పుస్తకంలోకి వచ్చిన తేదీ, దాని ఫలితం పల్లెకు చేరిన తేదీ వేరువేరు. ఈ రెండు తేదీల మధ్య ఏం జరిగిందో పరిశీలించడం చరిత్ర విద్యార్థి పని.

ముఖ్య పదాలు

ఆటో ఎల్‌పీజీ: వాహనాల కోసం ప్రత్యేక బంకుల్లో అమ్మే ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమం.
మార్పిడి కిట్: పెట్రోలు బండిని వేరే ఇంధనానికి మార్చే పరికరాల సముదాయం.
భౌగోళిక ప్రాంతం: వాయువు పంపిణీ కోసం నియంత్రణ మండలి నిర్ణయించిన హద్దుల్లోని ప్రదేశం.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ప్రత్యామ్నాయ ఇంధన వాహనాల విషయంలో కేంద్ర, రాష్ట్రాల అధికారాలను వివరించి, వాటి పరిమితులను చర్చించండి.
2. అనుమతి, ధర, అందుబాటు అనే మూడు షరతుల ఆధారంగా ఎల్‌పీజీ, ఇథనాల్‌లను పోల్చండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బొగ్గు బస్సులు
2. 2018 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ వాహనాల విధానం
3. మీ ఊరి ఆటో స్టాండులో ఏయే ఇంధనాల బండ్లు ఉన్నాయో, వాటికి ఇంధనం ఎక్కడ దొరుకుతుందో అడిగి తెలుసుకుని ఒక పేరా రాయండి.